బృహన్నల లోపల అర్జునుడే ఉండాలా? వేషానికి మెప్పు, మనిషికి పరీక్ష

ప్రస్తావన

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో తెలుగు ప్రదర్శనకళల ప్రేక్షకుడు తన రెండు ముఖాలతోనూ కనిపిస్తాడు. త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం పద్యనాటకం, మరొక సాయంత్రం కూచిపూడి, ఇంకొక సాయంత్రం సన్మానసభ. నడిచి వెళ్ళగలిగిన దూరంలోనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అక్కడ సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లు. సమీపంలోనే నగర కేంద్ర గ్రంథాలయం, పోటీపరీక్షలకు చదువుకొనే యువతీయువకులతో నిండిన అశోక్‌నగర్ హాస్టళ్ళు. గానసభలో స్త్రీవేషధారి కౌశలాన్ని తలచుకొని పరవశించే శ్రోతా, థియేటర్లో మగవాడు ఒయ్యారంగా నడవగానే ఈలవేసి నవ్వే ప్రేక్షకుడూ వేరువేరు జాతుల మనుషులు కారు. తరచుగా ఆ ఇద్దరూ ఒక్కరే. ఆ ఒక్కరిలో మనమూ ఉన్నాం.

తెలుగు వినోదరంగంలో స్వలింగ ప్రేమికులైన నటీనటుల మీద ఉన్న ఒత్తిడిని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనం నిర్మాతలను, అభిమాన సంఘాలను, టీవీ చానళ్ళను వేలెత్తి చూపుతాం. ఆ నింద అన్యాయమైనది కాదు, కాని అసంపూర్ణమైనది. ఆ ఒత్తిడికి భాషను, ప్రమాణాన్ని, గౌరవనీయతను సమకూర్చినది మన విమర్శ, మన జీవితచరిత్ర రచన, మన పరిశోధన. లింగపు హద్దులను దాటే వేషాన్ని మెచ్చుకోవడానికి మనం ఒక షరతు పెట్టాం. వేషం క్రింద ఉన్న మనిషి హద్దు దాటలేదని ముందుగా రుజువు కావాలి. ఆ షరతును మనం వదులుకోవాలన్నదే ఈ వ్యాసం వాదన.

పరిభాషను మొదటే స్పష్టం చేసుకోవాలి. స్వలింగ ప్రేమ అంటే తన లింగానికే చెందిన వ్యక్తిపట్ల కలిగే ప్రేమ, ఆకర్షణ. ట్రాన్స్ అస్తిత్వం అంటే పుట్టుకతో సమాజం కేటాయించిన లింగంతో అంతరంగం ఏకీభవించకపోవడం. స్త్రీవేషం ఒక నటనావిద్య. ఈ మూడూ వేరు. స్త్రీపాత్ర ధరించినంత మాత్రాన పురుషుడు స్వలింగ ప్రేమికుడు కాడు. స్వలింగ ప్రేమికుడైన నటుడికి ఒయ్యారపు నడక ఉండనక్కరలేదు. కాని మన వాడుకలో ఈ మూడింటినీ కలిపివేయడానికి ఒక్క తిట్టుమాట చాలు. ఆ కలిపివేత కూడా ఒత్తిడిలో భాగమే.

విరాటుని పరీక్ష

తిక్కన తన భారతరచనను విరాటపర్వంతో ఆరంభించాడు. కనుక తెలుగు భారతంలో ఆయన చేతిమీదుగా మనకు తొలినాళ్ళలోనే పరిచయమయ్యే నాట్యాచార్యపాత్ర బృహన్నల. వ్యాసభారతంలో విరాటుడు బృహన్నలను ఉత్తరకు గురువుగా నియమించేముందు అతడి నృత్యగీత విద్యలను పరీక్షిస్తాడు. అంతటితో ఆగడు. అతడు పురుషుడు కాడని నిర్ధారణ చేసుకొన్న తరువాతనే కన్యాంతఃపురంలోకి పంపిస్తాడు. కళ నచ్చినా సరిపోలేదు, దేహం కూడా సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.

ఆధునిక ప్రేక్షకుడు చేసే పరీక్ష దీనికి తలక్రిందులు. విరాటుడు పురుషుడు కాడని రూఢి చేసుకొన్నాడు, మనం పురుషుడేనని రూఢి చేసుకొంటాం. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన 'నర్తనశాల'లో 1963లో నందమూరి తారక రామారావు బృహన్నలగా నటించారు. ఆ పాత్రను తెలుగు ప్రేక్షకలోకం నెత్తిన పెట్టుకొన్నది. ఆ నటన అందుకు అర్హమే. కాని బృహన్నలను చూస్తున్నంతసేపూ ప్రేక్షకుడి నిశ్చింత ఒక్కటే. లోపల ఉన్నది గాండీవి, గడువు తీరగానే బయటికి వస్తాడు. ఆ వేషానికి గడువున్నది గనుకనే మనకు ఆనందం.

అరవయ్యేళ్ళ తరువాత ఇదే క్రాస్‌రోడ్స్‌లో ఇదే నిశ్చింత మళ్ళీ కనిపించింది. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శన జరిగింది. ఆ రాత్రి తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం కోల్పోయింది. ఆ విషాదం, దాని బాధ్యతలు ఈ చర్చకు వెలుపలివి. చిత్రంలోని గంగమ్మ జాతర సన్నివేశమే ఇక్కడ మన విషయం. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు మాతంగి మొదలైన వేషాలు కట్టడం జీవించి ఉన్న సంప్రదాయం. జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన గ్రంథంలో ఆ జాతరను లోకమే స్త్రీరూపం దాల్చే కాలంగా వ్యాఖ్యానించారు. వెండితెర మీద మాత్రం చీర కట్టిన కథానాయకుడు శత్రువులను చీల్చి చెండాడతాడు. అతడు భర్త అనీ, మగవాళ్ళలో మగవాడనీ కథ ఒక్క క్షణమైనా మరచిపోనివ్వదు. చీరకు ఈలలు పడినది ఆ హామీ మీదనే. బోనాలలో పసుపు పూసుకొని చీర కట్టి పూనకంతో ఆడే శివసత్తి పురుషుడికి మొక్కే చేతులు, జాతర ముగిసిన మరునాడు అదే మనిషి బస్తీలో అదే నడక నడిస్తే రాయి తీసుకోవడానికి సంకోచించవు. అక్కడ హామీ లేదు.

ఫసలీ 1329 చట్టం

ఈ పరీక్షను కావ్యంలోనూ సినిమాలోనూ మాత్రమే చూడటం సరికాదు. హైదరాబాదు రాజ్యం దాన్ని చట్టం చేసింది. ఫసలీ 1329లో, అంటే 1919లో, నిజాం రాజ్యంలో హిజ్రాలను, నపుంసకులని ముద్రపడ్డవారిని ఉద్దేశించి ఒక చట్టం వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ తెగల చట్టపు రెండవ భాగం దానికి మాదిరి. బాలురను అపహరించారనో, వృషణచ్ఛేదం చేశారనో అనుమానం ఉన్నవారి పేర్లతో రిజిస్టరు పెట్టాలి. నపుంసకుడంటే ఎవరో తేల్చడానికి వైద్యపరీక్షను ప్రమాణంగా పేర్కొన్నారు. రిజిస్టరులోకి ఎక్కిన వ్యక్తి స్త్రీవస్త్రాలు, ఆభరణాలు ధరించి వీధిలో కనబడినా, వీధిలో గాని బహిరంగస్థలంలో గాని నృత్యం చేసినా, సంగీతం వాయించినా, వినోదప్రదర్శనలో పాల్గొన్నా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ళ వరకు ఖైదు.

తెలుగు శాఖల్లో ప్రదర్శనకళల చరిత్ర బోధించేవారు ఈ వాక్యాన్ని మళ్ళీ చదవాలి. నృత్యం, సంగీతం, వినోదం అనే మాటలు నేరవివరణలోనే ఉన్నాయి. ఆంధ్రదేశపు రంగస్థలం మీద స్త్రీవేషధారులు స్వర్ణపతకాలు అందుకొంటున్న దశాబ్దాలలోనే, ఈ నగర వీధిలో కొందరు కళాకారులకు నాట్యమే నేరం. ఈ చట్టం పేరు మార్చుకొని, రాష్ట్రాలు మారినా, బ్రతికే ఉన్నది. వైజయంతి వసంత మోగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి ధర్మాసనం 2023 జులై 6న దీన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. 104 ఏళ్ళపాటు అమలులో ఉన్న ఒక కళానిషేధాన్ని మన నాటకచరిత్రలు ఒక అధఃసూచికలోనైనా పట్టించుకోలేదు.

భారత శిక్షాస్మృతి 377వ సెక్షను కథ కూడా నాట్యానికి దూరమైనది కాదు. ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించిన ఆ సెక్షనును సుప్రీంకోర్టు 2013లో పునరుద్ధరించింది. 2018 సెప్టెంబరు 6న వయోజనుల పరస్పర సమ్మతి ఉన్న సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఎవరి పేరు మీద నిలిచి ఉందో ఆ నవ్‌తేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడు. ఒక నర్తకుడు తన పేరు దాచుకోకుండా న్యాయస్థానం మెట్లెక్కినందువల్ల దేశంలోని స్వలింగ ప్రేమికులందరికీ నేరస్థులన్న ముద్ర తొలగింది. నాట్యవిమర్శకు ఇంతకన్న ఇంటి విషయం ఏముంటుంది?

జీవితచరిత్రలోని ధ్రువపత్రం

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా తెలుగు నాటకరంగాన్ని ఏలారు. 1956లో పద్మశ్రీ పొందారు. 'నటస్థానం'లో తన సాధనను తానే వివరించారు. వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపంలో సత్యభామకు మారుపేరయ్యారు. ఈ కళాకారుల మీద మన సన్మానపత్రాలు, స్మారకసంచికలు, సిద్ధాంతగ్రంథాలు ఎన్నో వచ్చాయి. వాటిలో రెండు మాటలు జంటగా వస్తూ ఉంటాయి. స్త్రీలే అసూయపడేంత స్త్రీత్వం అని ఒకటి. వేషం తీస్తే నిండైన పురుషుడు, ఆదర్శ గృహస్థు, సంతానవంతుడు అని రెండవది.

మొదటి మాట విమర్శ. దాన్ని పరిశీలించవచ్చు, విభేదించవచ్చు. రెండవ మాట ఏమిటి? ఆంగికానికీ వాచికానికీ ఆహార్యానికీ సాత్వికానికీ దానితో సంబంధం లేదు. అది ధ్రువపత్రం. విరాటుడు చేయించిన నిర్ధారణకు, ఫసలీ చట్టం కోరిన వైద్యపరీక్షకు అది సాహిత్యరూపం. ఎవరూ అడగని ప్రశ్నకు సమాధానంలా కనబడుతుంది గాని, నిజానికి అందరూ మనసులో అడుగుతున్న ప్రశ్నకే సమాధానం.

హర్షిత కామత్ 2019లో వెలువరించిన కూచిపూడి అధ్యయనం ఈ విషయాన్ని మరొక వైపునుంచి చూపించింది. స్త్రీవేషం అక్కడ లింగవ్యవస్థను ధిక్కరించే పని మాత్రమే చేయలేదు. బ్రాహ్మణ పురుషత్వానికి ప్రతిష్ఠను నిర్మించే పని కూడా చేసింది. అందువల్ల సంప్రదాయంలో స్త్రీవేషం ఉన్నది గనుక మన సమాజం ఉదారమైనది అని చెప్పుకోవడం తొందరపాటు. వేషాన్ని సహించడం వేరు, మనిషిని సహించడం వేరు. మొదటిదాన్ని చూపి రెండవది ఉన్నదని వాదించే అలవాటు మన వ్యాసాలకు ఉన్నది.

ఈ ధ్రువపత్రం వేదిక మీదివారికి చదివి వినిపించేదే అయినా, దాని భారం పడేది గానసభ వెనుక వరుసలో కూర్చొన్న యువ నర్తకుడి మీద. అతడు పురుషుణ్ణి ప్రేమిస్తున్నవాడైతే ఆ సభలో అతడికి ఒక పాఠం అందుతుంది. నీ సత్యభామ ఎంత గొప్పదైనా రెండవ వాక్యం నీ గురించి పలకలేకపోతే మొదటి వాక్యం కూడా పలకరు. అందుకే అతడు అభినయంతోపాటు రెండవ వాక్యాన్నీ సాధన చేస్తాడు. గొంతు బరువు చేసుకొంటాడు, మీసం పెంచుతాడు, ఇష్టం లేని పెళ్ళికి తల వంచుతాడు. ఆ పెళ్ళిలో మోసపోయిన స్త్రీ బాధను మన సన్మానపత్రం ఎన్నడూ లెక్కలోకి తీసుకోదు.

ఇక స్త్రీని ప్రేమించే నటికి మన రచనలలో అనుమానమైనా దక్కదు. సురభి నాటకసమాజాల్లో స్త్రీలు పురుషపాత్రలు ధరించారు. కూచిపూడి నృత్యనాటకాల్లో కృష్ణుడుగా నటించిన నర్తకీమణులు ఎందరో ఉన్నారు. వారి విషయంలో వేషం తీస్తే నిండైన స్త్రీ అనే ధ్రువపత్రం కూడా అవసరమనిపించలేదు. స్త్రీకి తనదైన కోరిక ఉంటుందన్న ఊహే లేనప్పుడు దానికి దిశ ఎక్కడిది? కళావంతుల చరిత్ర ఇక్కడ హెచ్చరిక కావాలి. 1947 మద్రాసు చట్టం తరువాత వారి కళ సభామందిరాలలో గౌరవం పొందింది, వారు మాత్రం ఆ మందిరాల బయట మిగిలారు. కళను తీసుకొని కళాకారిణిని వదిలివేయడం మనకు కొత్త విద్య కాదు.

నవ్వు చేసే పని

ధ్రువపత్రం లేనివారికి సినిమా కేటాయించిన చోటు హాస్యం. మాడా వెంకటేశ్వరరావు 'చిల్లరకొట్టు చిట్టెమ్మ' (1977) వంటి చిత్రాలలో ఒయ్యారపు పురుషుడి పాత్రలతో పేరు పొందారు. ఆయన నటుడిగా తన పని చేశారు. ఆ పనికి మన సమాజం ఇచ్చిన ప్రతిఫలం విచిత్రమైనది. ఆయన ఇంటిపేరే తిట్టుమాటగా మారింది. బడిలో మెత్తగా మాట్లాడే ప్రతి కుర్రవాణ్ణి తోటివారు ఆ మాటతో పిలిచారు. ఒక నటుడి ఇంటిపేరు జాతినామంగా, ఆ తరువాత నిందగా మారిన ఈ అర్థపరిణామం భాషాశాస్త్రజ్ఞులకు మంచి ఉదాహరణ. కాని 'ఆడంగి', 'పేడి' వంటి పాత మాటల సరసన దాన్ని చేర్చి, ఎవరి మీద ఏ సందర్భంలో ఎంత హింసతో ప్రయోగమైందో నమోదు చేసిన నిఘంటువు మనకు లేదు.

హాస్యాన్ని నిషేధించాలని ఎవరూ కోరడం లేదు. ఎవరి మీద నవ్వుతున్నామన్నదే ప్రశ్న. చలనచిత్ర ధ్రువీకరణకు 1991లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు లైంగిక వైకృత్యాలను చూపవద్దనీ, కథకు అవసరమైతే కనీసంగా చూపాలనీ చెప్పాయి. స్వలింగ ప్రేమను గంభీరంగా చిత్రించడానికి ఆ మాట ఎప్పుడైనా అడ్డు రాగలదు. అదే ప్రేమను వెక్కిరించడానికి మాత్రం ఏ మార్గదర్శకమూ అడ్డురాలేదు. 2018లో వచ్చిన 'అ!' చిత్రంలో నిత్యా మేనన్, ఈషా రెబ్బా పాత్రల ప్రేమ వెక్కిరింత లేకుండా, పెళ్ళిప్రస్తావన దాకా సాగుతుంది. అది మెచ్చుకోదగ్గ ధైర్యం. అయితే చివరికి ఆ ప్రేమికులు ఒక గాయపడిన స్త్రీ మనసులోని శకలాలుగా తేలుతారు. తెలుగు తెర మీద ఇద్దరు స్త్రీలు గౌరవంగా ప్రేమించుకోవాలంటే వారు నిజంగా ఉండకూడదేమో!

'పెళ్ళెప్పుడు?'

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు టాకీ మొదలైంది. ఆనాటినుంచి నేటివరకు తాము స్వలింగ ప్రేమికులమని బహిరంగంగా చెప్పుకొన్న కథానాయక, కథానాయికల పేర్లు చెప్పమంటే మన దగ్గర జాబితా లేదు. అలాంటివారు లేరని దీనికి అర్థం కాదు. చెప్పుకోవడానికయ్యే ఖర్చు ఎంతో ఇది కొలిచి చూపుతుంది. ఈ పరిశ్రమలో అవకాశం నోటిమాట మీద వస్తుంది, నోటిమాట మీద పోతుంది. నాయకుడి మార్కెట్ అతడి పురుషత్వపు కల్పన మీద, నాయిక మార్కెట్ ఆమె పురుషుడికి లభ్యమన్న కల్పన మీద నిలబడి ఉంటుంది. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఎదురయ్యే 'పెళ్ళెప్పుడు?' అన్న ప్రశ్న విరాటుని పరీక్షకు నేటి రూపం. అమాయకంగా కనిపించే ఆ ప్రశ్నకు ఒకరు నవ్వి తప్పించుకొంటారు, మరొకరు అబద్ధం చెప్పవలసి వస్తుంది.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. హాలీవుడ్‌లో విలియం హెయిన్స్ తన సహచరుణ్ణి వదలుకోనందుకు 1930లలో నటజీవితాన్నే వదులుకొన్నాడు. రాక్ హడ్సన్ 1955లో పెళ్ళి చేసుకొని, 1985లో మరణించేదాకా తెరమీది నాయకుడిగానే కనబడవలసి వచ్చింది. ఎలెన్ డిజెనరస్ 1997లో నిజం చెప్పింది, మరుసటి ఏడాది ఆమె ధారావాహిక ఆగిపోయింది. అయితే ఆ పరిశ్రమ చరిత్రను అక్కడి విశ్వవిద్యాలయాలు రాశాయి. తేడా అక్కడ ఉన్నది.

రహస్యం ఉన్నచోట బెదిరింపు ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి నిరసన తరువాత, పరిశ్రమలో 'కమిట్‌మెంట్' అన్న మాటకు ఏ అర్థం ఉన్నదో అందరూ బహిరంగంగా ఒప్పుకోవలసి వచ్చింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం సంఘాన్ని నియమించింది. 2022లో నివేదిక అందింది. దాన్ని బయటపెట్టమని 2024లో సమంత బహిరంగంగా కోరవలసి వచ్చింది. స్త్రీని ప్రేమించే నటికి ఈ హింస రెట్టింపు. శరీరాన్ని కోరేవాడి చేతిలో ఆమె రహస్యం కూడా ఉండవచ్చు. పురుషుణ్ణి ప్రేమించే నటుడి స్థితి చట్టంలో మరీ శూన్యం. పనిచేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం బాధితురాలు స్త్రీ అయితేనే వర్తిస్తుంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 377కు సమానమైన సెక్షను లేదు. సమ్మతి ఉన్న ప్రేమకు స్వేచ్ఛ దక్కడం న్యాయమే. కాని సమ్మతి లేని అత్యాచారానికి గురైన వయోజన పురుషుడు ఫిర్యాదు చేయడానికి ఆ సంహిత అత్యాచార నిర్వచనంలో చోటు లేకుండా పోయింది. అవకాశం పేరుతో దోపిడీకి గురైన యువనటుడు పోలీసు స్టేషనుకు వెళ్ళి ఏ సెక్షను చెప్పాలి?

పూర్వపక్షాలు

కళాకారుడి వ్యక్తిగత జీవితంతో విమర్శకు పని లేదని మొదటి ఆక్షేపణ. ఈ సూత్రాన్ని నేను సంతోషంగా అంగీకరిస్తాను, అయితే అది అందరికీ వర్తించాలి. ఆదర్శ గృహస్థు అన్న మాట ఇంతకాలం రాసినప్పుడు ఈ సూత్రం ఎక్కడ ఉన్నది? పెళ్ళి ప్రజావిషయం, ప్రేమ మాత్రం వ్యక్తిగతం అనడం సూత్రం కాదు, పక్షపాతం.

ఇది పాశ్చాత్య దిగుమతి అని రెండవ ఆక్షేపణ. దిగుమతి అయినది ప్రేమ కాదు, శిక్ష. 377వ సెక్షను 1860 నాటి వలసచట్టంలోనిది, ఫసలీ చట్టానికి మాదిరి 1871 నాటిది. ఈ రెండింటినీ సంప్రదాయమని కాపాడినవారే, వాటి రద్దును విదేశీ ప్రభావమంటున్నారు.

మూడవ ఆక్షేపణ గంభీరమైనది. ఈ దారిన పోతే గతించిన నటుల శయ్యాగృహాలను తవ్వే పరిశోధన మొదలవుతుంది కదా? మొదలవకూడదు. ఆధారం లేకుండా ఒకరిని స్వలింగ ప్రేమికుడని ఊహించి రాయడం, ఆధారం లేకుండా కాదని ధ్రువీకరించడం, రెండూ ఒకే అపరాధం. జీవించి ఉన్నవారి రహస్యాన్ని వారి అనుమతి లేకుండా వెల్లడించడం పరిశోధన కాదు, హింస. దాగినవారిని వెతకమని ఈ వ్యాసం అడగడం లేదు, దాక్కోవలసిన అవసరాన్ని కల్పించడం మానమంటున్నది.

ముగింపు

ఏం చేయాలన్నదానికి సమాధానం మన చేతిలోనే ఉన్నది. పర్యవేక్షకులుగా మన విద్యార్థుల సిద్ధాంతగ్రంథాలలోని జీవిత విశేషాల అధ్యాయాన్ని చదివేటప్పుడు, పురుషత్వపు ధ్రువపత్రం కనబడితే కొట్టివేయాలి. స్త్రీవేషంపై పరిశోధన చేసేవారు ఫసలీ 1329 చట్టాన్ని, 2023 తీర్పును చదవకుండా ఆ అధ్యాయం పూర్తిచేయకూడదు. నిందాపదాలను ప్రయోగచరిత్రతో సహా నమోదు చేసే పని నిఘంటుకర్తలది. తమ కథ చెప్పదలచిన కళాకారుల మౌఖిక చరిత్రలను మారుపేర్లతో, లిఖిత సమ్మతితో, వెనక్కు తీసుకొనే హక్కుతో సేకరించే పద్ధతిని శాఖలు రూపొందించుకోవాలి. పి. సత్యవతి అనువాదం చేసిన రేవతి ఆత్మకథ 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. పురస్కారం ఇవ్వగలిగిన పుస్తకాన్ని పాఠ్యంగా పెట్టడానికి సంకోచం ఎందుకు? పరిశ్రమ సంఘాల విషయంలో మన కోరిక స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు చేసే వ్యక్తి లింగం ఏదైనా వినే యంత్రాంగం కావాలి, దాచిన నివేదిక బయటికి రావాలి.

విరాటుని కొలువులో బృహన్నల ఏడాదిపాటు నాట్యం నేర్పాడు. ఉత్తర నేర్చుకొన్నది ఆ గురువు దగ్గరనే. అతడు అర్జునుడని తెలిసింది ఆ తరువాత. ఆమె విద్యకు గురువు లోపల ఎవరున్నారన్న ప్రశ్న అక్కరకు రాలేదు. ఈసారి త్యాగరాయ గానసభలో ఒక సత్యభామ జడ వేసుకొని తెర వెనుకనుంచి వచ్చినప్పుడు, ఆ నటుడి గురించి మనం రాయబోయే వ్యాసంలో ఒక్క వాక్యం తగ్గిద్దాం. ఆ ఒక్క వాక్యం తగ్గినచోట ఒక మనిషికి ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది.